98.4 పర్సంటైల్‌కి ఊరంతా ఐఐటీ అంటోంది, పిల్లాడికి ఏం చెప్పాలి?

పాలకొల్లు_నాన్న
మావాడు పదిలో మండలం ఫస్టు. ఇంటర్‌కి హైదరాబాద్ పంపాం. మొన్న వచ్చిన జేఈఈ మెయిన్ ఫలితాల్లో 98.4 పర్సంటైల్. నాకైతే సంతోషమే. వాడు మాత్రం ఆ రోజు నుంచీ సరిగ్గా మాట్లాడటం లేదు. ఫోన్ మోగితే చాలు మేడ మీదికి వెళ్ళిపోతున్నాడు. హాస్టల్లో మంచం పక్కన ‘ఐఐటీ బాంబే, సీఎస్‌ఈ’ అని చార్టు రాసి అంటించుకున్నాడు. దాన్ని చుట్టి ఇంటికి తెచ్చి బీరువా మీద పడేశాడు.

బయటికి వెళ్తే కనిపించిన ప్రతివాళ్ళూ "ఏ ఐఐటీ అండి?" అనే అడుగుతున్నారు. మా బావమరిది ఇంకో అడుగు ముందుకేసి ఫ్లెక్సీ డిజైన్ చేయించేశాడు. పైన ఇద్దరు నాయకుల బొమ్మలు, మధ్యలో మావాడి టెన్త్ ఫోటో, కింద ‘ఆలిండియా ర్యాంకు’ అని రాసి పక్కన ఖాళీ. మెయిన్ తర్వాత ఐఐటీల కోసం రాసే అడ్వాన్స్‌డ్ ఫలితం రాగానే నంబరు కొట్టించడమే తరువాయట.

అడ్వాన్స్‌డ్ మే నెలలో ఉంది. బాంబే కంప్యూటర్స్ కష్టం అని ఇప్పుడే చెప్పాలా, పరీక్ష అయ్యేదాకా నోరు మూసుకోవాలా? ఆ మాట ఎత్తొద్దని వాళ్ళమ్మ అంటోంది. కాలేజీవాళ్ళని అడిగితే రెండేళ్ళుగా ఒకటే పాట: "టాప్ బ్యాచ్‌లో ఉన్నాడు, టెన్షన్ పడకండి."

ఆక్వా_బాబు
ఖాళీ వదలడం తెలివైన పనే. మా భీమవరంలో ఎలక్షన్లకి మెజారిటీ దగ్గర కూడా ఇలాగే వదులుతారు.

అమలాపురం_అమ్మ
ముందు ఆ ఫ్లెక్సీ ఆపించండి. మిగతావి తర్వాత మాట్లాడుకుందాం.

తణుకు_ఫిజిక్స్_మాస్టారు
రిటైర్ అయ్యాను కానీ ఏప్రిల్ వస్తే తల్లిదండ్రులు ఇంకా మా వీధి అరుగు మీదే కూర్చుంటారు. అందరికీ చెప్పేదే మీకూ చెబుతాను.

98.4 అంటే నూటికి 98 మార్కులని బంధువులు అనుకుంటారు. కాదు. రాసిన ప్రతి వందమందిలో తొంభై ఎనిమిది మంది కంటే మెరుగ్గా రాశాడని అర్థం. ఎంతమంది రాశారో చూడండి. 2025లో రెండు సెషన్లూ కలిపి సుమారు 14.75 లక్షల మంది. అందులో 1.6 శాతం అంటే దాదాపు 23,600 మంది. ఆ లెక్కన మీవాడి పైన అంతమంది ఉంటారు. ఇది చిన్న విజయం కాదు. కానీ ‘98’ అన్న అంకె వినిపించే తీరు వేరు, అది నిలబెట్టే చోటు వేరు.

అడ్వాన్స్‌డ్ సంగతి. మెయిన్‌లో పై రెండున్నర లక్షల మందికి రాసే అర్హత. 2025లో రెండు పేపర్లూ రాసినవాళ్ళు 1.80 లక్షలు, క్వాలిఫై అయినవాళ్ళు 54 వేల పైచిలుకు, 23 ఐఐటీల్లో సీట్లు 18,160. క్వాలిఫై అయ్యాడని స్వీట్లు పంచుకున్న ఇళ్ళలో మూడింట రెండొంతుల ఇళ్ళకి సీటు రాదు. ఇది ఏ కాలేజీ కరపత్రంలోనూ ఉండదు.

అలాగని మీవాడికి రాదని నేను అనను. ఆ పేపరు తీరు వేరు. మెయిన్‌లో వెనకబడి అక్కడ లేచినవాళ్ళనీ చూశాను, మెయిన్‌లో దుమ్ము లేపి అక్కడ చతికిలపడ్డవాళ్ళనీ చూశాను. ‘వస్తుంది’, ‘రాదు’ రెండూ మీ నోట రావాల్సిన మాటలు కావు.

రావులపాలెం_రవి
మాస్టారంటే గౌరవమే కానీ ఒప్పుకోను. పరీక్ష ముందు ఈ అంకెలన్నీ కుర్రాడి ముందు పోస్తే పుస్తకం మూసేస్తాడు. ఆశ ఉంటేనే చదువు. మా అన్నయ్య కూతురికి మెయిన్‌లో ఇంతకంటే తక్కువే, అడ్వాన్స్‌డ్‌లో ఐఐటీ కొట్టింది.

అమలాపురం_అమ్మ
@రవి ఏ బ్రాంచి?

రావులపాలెం_రవి
మెటలర్జీ. అయితే ఏంటండీ?

అమలాపురం_అమ్మ
ఏం లేదు, మంచి బ్రాంచే. 2018 నుంచి ఐఐటీల్లో అమ్మాయిలకి అదనపు సీట్లు ఉన్నాయి, వాటి కటాఫ్ వేరుగా వస్తుంది. ఆ పిల్ల ర్యాంకు పెట్టి ఈ అబ్బాయి సీటు లెక్కేయొద్దంటున్నా, అంతే. కష్టపడలేదని అనలేదు.

రావులపాలెం_రవి
సరే. ఆశ గురించి నా మాట మాత్రం అదే.

సివిల్_బాబాయ్
ఐఐటీలో సివిల్ థర్డ్ ఇయర్, మాది మండపేట. వయసు ఇరవయ్యే. ఇంట్లో చిన్నపిల్లలు పిలిచే పేరు పెట్టుకున్నా, కంగారు పడకండి.

మొదటి సెమిస్టర్‌లో నా వింగ్‌లో ఉన్న ప్రతివాడూ ఏదో ఒక మండలం ఫస్టే. మొదటి మిడ్‌సెమ్‌లో నాకొచ్చిన మార్కులు ఇంట్లో ఇప్పటికీ చెప్పలేదు. చేరిపోతే చాలు, బ్రాంచి మార్చుకోవచ్చని మా కాలేజీలో చెప్పేవారు. చాలా ఐఐటీలు ఆ సౌకర్యం తీసేశాయి, మాదీ తీసేసింది. నాకు సివిల్ నచ్చింది కాబట్టి బతికిపోయా. మా రూమ్మేట్‌కి నచ్చలేదు. వాడు పగలంతా కోడింగ్ చేసి, స్ట్రక్చర్స్ పరీక్ష ముందు రాత్రి నా నోట్సు పట్టుకుపోతాడు.

అంకుల్, మీవాడి లెక్క వాడికి తెలీదని అనుకోవద్దు. ఫలితం వచ్చిన పది నిమిషాల్లో మేమందరం పోయినేడు క్లోజింగ్ ర్యాంకులు, అంటే ఏ సీటు ఏ ర్యాంకు దగ్గర ఆగిందో, చూసేసుకుంటాం. మా నాన్న నన్ను ఒక్కటే అడిగారు: "ఐఐటీ రాకపోతే ఎక్కడ చేరడం నీకు ఇష్టం?" అప్పుడు ఒళ్ళు మండింది. రాత్రికి కూర్చుని లిస్టు రాశా.

జోసా_పిచ్చోడు
జోసా అంటే ఐఐటీ, ఎన్ఐటీ సీట్లు పంచే కౌన్సెలింగ్. ఏటా అందులో ఫ్రెండ్స్ తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ ఆప్షన్లు పెట్టిపెడతా, జీతం లేని ఉద్యోగం. ఒక ప్రశ్న. హైదరాబాద్‌లో ఇంటర్ అన్నారు. రెండేళ్ళూ అక్కడేనా? హాల్‌టికెట్ తెలంగాణ బోర్డుదా?

పాలకొల్లు_నాన్న
అవునండి, అక్కడే. ఎందుకు? ఏదీ కాకపోతే తాడేపల్లిగూడెం ఎన్ఐటీ ఉందిలే అనుకుంటున్నాం. ఇంటి నుంచి గంటన్నర.

జోసా_పిచ్చోడు
అందుకే అడిగా. ఎన్ఐటీల్లో సగం సీట్లు హోం స్టేట్ కోటా. ఆ హోం స్టేట్ ఇల్లు ఎక్కడుందో చూడదు, పన్నెండో తరగతి ఏ రాష్ట్రంలో పాసయ్యాడో చూస్తుంది. మీవాడి కోడ్ తెలంగాణ అవుతుంది. గూడెం ఎన్ఐటీలో ఏపీ కోటా వర్తించదు, మిగతా సగంలో దేశమంతటితో పోటీ పడాలి. దాని బదులు వరంగల్‌లో తెలంగాణ కోటా వస్తుంది కానీ అక్కడ పోటీ ఇంకా గట్టిది.

ఏటా ఇక్కడే దెబ్బతింటారు. మన గోదావరి జిల్లాల పిల్లలు సగం మంది మాదాపూర్, కూకట్‌పల్లి హాస్టళ్ళలో చదువుతారు, ఆధార్ మీద పాలకొల్లు అని ఉంది కదా అని ధీమాగా ఉంటారు.

పాలకొల్లు_నాన్న
చేర్పించేటప్పుడు ఒక్కళ్ళూ ఈ మాట చెప్పలేదండీ. ఫీజు వాయిదాలు మాత్రం తేదీలతో సహా చెప్పారు.

ఆక్వా_బాబు
ఉల్లిపాయలకి గూడెం మనదే, సీటుకి మాత్రం పరాయి రాష్ట్రం.

తణుకు_ఫిజిక్స్_మాస్టారు
జోసా బాబు చెప్పింది నిజం. మా వీధిలోనే ఒకాయన కౌన్సెలింగ్ నాడు చూసుకుని లబోదిబోమన్నారు. మీకు ఏప్రిల్‌లోనే తెలిసింది, అదే నయం.

నరసాపురం_డ్రాపర్
లాంగ్‌టర్మ్ గురించి, అదే, ఏడాది ఆగి మళ్ళీ రాయడం గురించి ఎవరూ అనలేదేంటి? నేను తీసుకున్నా. ర్యాంకు కొంచెం మెరుగైంది, జీవితం తారుమారు అయ్యేంత కాదు. ఆ ఏడాది మా పిన్ని కూతురి పెళ్ళికి కూడా నన్ను తీసుకెళ్ళలేదు. చదువుకోవాలని కాదు, అందరూ అడుగుతారని.

రావులపాలెం_రవి
మెరుగైంది కదా. అదే నేననేది. ఒక ఏడాది పోతే ఏం పోయింది?

నరసాపురం_డ్రాపర్
@రవి గారు, పెళ్ళి భోజనం పోయింది.
సీరియస్‌గా చెప్పాలంటే, నేను తీసుకోవాలనుకున్నా కాబట్టి లాగగలిగా. నా పక్క బెంచీవాడిని వాళ్ళ నాన్న కూర్చోబెట్టాడు, దసరా సెలవులకి ఇంటికెళ్ళి తిరిగి రాలేదు.

జోసా_పిచ్చోడు
డ్రాప్ అనుకునేవాళ్ళకి: అడ్వాన్స్‌డ్ వరసగా రెండేళ్ళలో రెండుసార్లే. ఐఐటీలో సీటు తీసుకుని చేరాక మళ్ళీ రాయనివ్వరు. ఎన్ఐటీలోనో ఇంకో కాలేజీలోనో చేరినవాడు రాయొచ్చు. కాబట్టి ఇంట్లో కూర్చోవడం ఒక్కటే దారి కాదు.

డాలస్_కోనసీమ
మాది రాజోలు దగ్గర, ఇక్కడికొచ్చి చాలా కాలమైంది. అమెరికాలో ఈ గొడవ ఉండదని అక్కడ అనుకుంటారు. ఇక్కడ ఇంకోరకం.

మా పెద్దమ్మాయికి ఇక్కడి ప్రవేశ పరీక్ష స్యాట్‌లో 1600కి 1540. స్కూల్లో ఆర్కెస్ట్రా, డిబేట్, వేసవిలో ఆసుపత్రి వాలంటీరు పని. పేరున్న ప్రైవేటు యూనివర్సిటీలు వరసపెట్టి కాదన్నాయి. హార్వర్డ్ లాంటి చోట అప్లై చేసిన ప్రతి వందమందిలో నలుగురికి అటూఇటూగా సీటిస్తారు. మిగతా తొంభై ఆరుగురిలో కూడా అందరూ క్లాస్ ఫస్టులే. ఎందుకు కాదన్నారో చెప్పరు. ఇండియాలో క్లోజింగ్ ర్యాంకు అని ఒక అంకె కళ్ళ ముందు ఉంటుంది, తిట్టుకోవడానికైనా పనికొస్తుంది. ఇక్కడ అదీ లేదు. పిల్ల తన వ్యాసమే బాలేదేమోనని దాన్ని తిరగేసి మరగేసి చదువుకుంది.

మా టెక్సాస్‌లో ఒక రూలుంది. హైస్కూల్లో పై 5 శాతంలో ఉంటే యూటీ ఆస్టిన్‌లో సీటు ఖాయం, 2026 చేరికలకి ముందు అది 6 శాతం. దీన్ని నమ్ముకుని మా తెలుగు కుటుంబాలు నిశ్చింతగా ఉంటాయి. యూనివర్సిటీలో సీటే ఖాయం, కంప్యూటర్ సైన్స్ ఖాయం కాదు. ఆ సంగతి ఉత్తరం చేతికొచ్చాక తెలుస్తుంది.

స్కూల్ కౌన్సెలర్లు లిస్టుని రీచ్ (వస్తే అదృష్టం), టార్గెట్ (రావచ్చు), సేఫ్టీ (దాదాపు ఖాయం) అని మూడు రకాలుగా రాయమంటారు. మావాళ్ళంతా రీచ్ గురించి ఆర్నెల్లు మాట్లాడి, సేఫ్టీ దగ్గర ఏదో ఒక పేరు చివరి రాత్రి పడేస్తారు. మా కౌన్సెలరు మా అమ్మాయిని ఆ సేఫ్టీ కాలేజీకే ముందు పంపింది, వెళ్ళి క్యాంపస్ చూసి రమ్మని. చివరికి అందులోనే చేరింది. ఇష్టంగానే.

ఆక్వా_బాబు
అన్నయ్యా, ఇక్కడి నుంచి డైరెక్టుగా ఇంటర్ అవగానే పంపించెయ్యొచ్చా? రొయ్య రేటు బాగుంటే.

డాలస్_కోనసీమ
@ఆక్వా_బాబు పంపొచ్చు. కానీ విదేశీ పిల్లల దగ్గర చాలా యూనివర్సిటీలు ఫీజు కట్టగలరా లేదా అన్నదీ చూస్తాయి. అది చూడకుండా సీటిచ్చి, అవసరాన్ని బట్టి సాయం చేసేవి హార్వర్డ్, ఎంఐటీ లాంటి కొన్నే, అక్కడ సీటు దొరకడమే గగనం. రొయ్య రేటు నాలుగేళ్ళు వరసగా బాగుండాలి మరి.

ఆక్వా_బాబు
నాలుగేళ్ళా? నాలుగు నెలలు ఉంటే తిరుపతి నడిచి వస్తా.

కాకినాడ_కుర్రోడు
అందరూ ఐఐటీ, ఎన్ఐటీ అంటున్నారు. నేను జేఎన్‌టీయూ కాకినాడ. 1946లో విశాఖలో పెట్టి కాకినాడకి తెచ్చిన కాలేజీ, మన తాతల కాలంలో అందులో సీటొస్తే ఊరు ఊరంతా చెప్పుకునేది. ఏపీ ఇంజినీరింగ్ ఎంట్రన్స్ ఈఏపీసెట్ రాయించండి, అశ్రద్ధ చేయొద్దు. ఇంటర్ మార్కులకి 25 శాతం వెయిటేజీ ఉంది. లోకల్ రూలు జోసా రూలు లాంటిది కాదు, వేరు. ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు ఇప్పుడే తీసి పెట్టుకోండి, వేసవి సెలవుల్లో స్కూలు ఆఫీసు తాళం వేసి ఉంటుంది.

రావులపాలెం_రవి
ఐఐటీ కోసం రెండేళ్ళు లక్షలు పోసి కాకినాడకి పంపితే ఊళ్ళో తలెత్తుకోవాలా వద్దా?

కాకినాడ_కుర్రోడు
@రవి గారు, తలెత్తుకోవాల్సింది మీరా, ఆ అబ్బాయా?

రావులపాలెం_రవి
అబ్బో.

అమలాపురం_అమ్మ
రవి గారిని వదిలేయండి, పాపం అందరూ ఆయన మీదే పడ్డారు. ఆయన చెప్పిందాంట్లో ఒకటి నిజం, పరీక్షకి మూడు వారాల ముందు కుర్రాణ్ణి కూర్చోబెట్టి లెక్చర్ ఇవ్వకూడదు.

పాలకొల్లు గారూ, నాకు మీ మొదటి పోస్టులో ర్యాంకు కన్నా మేడ మీదికి వెళ్ళిపోవడం పట్టింది. తింటున్నాడా? నిద్ర పోతున్నాడా? ఫ్రెండ్స్‌తో మాట్లాడుతున్నాడా? ఇవి బాగుంటే కొన్నాళ్ళు అలా ఉండనివ్వండి. లేకపోతే ఆలస్యం చేయకుండా డాక్టరుకి చూపించండి. ప్రభుత్వం వారి టెలీ మానస్ 14416 కూడా ఉంది, ఫ్రీ, తెలుగులోనే మాట్లాడతారు. మా అబ్బాయి విషయంలో నేనే చేసి మాట్లాడా. పిల్లలే చేయాలని లేదు.

పాలకొల్లు_నాన్న
తింటున్నాడండి. నిద్ర లేటుగా. సాయంత్రం కాలవగట్టు మీద క్రికెట్‌కి పిలిస్తే నిన్న వెళ్ళాడు.

తణుకు_ఫిజిక్స్_మాస్టారు
క్రికెట్‌కి వెళ్తే సగం పని అయినట్టే.

లెక్కల_లోకం
అసలు అబ్బాయికి ఏం ఇష్టం? నిజంగా లెక్కలంటే ఇష్టమైతే ఐఎస్ఐ (ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్)లో బీస్టాట్, బీమ్యాథ్, చెన్నైలో సీఎంఐ (మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్), తిరుపతిలోనే సైన్సు చదువులకి ఐసర్ ఉన్నాయి. ఐఎస్ఐలో ఎదురు స్టైపెండ్ ఇస్తారు. దరఖాస్తు గడువులు మాత్రం త్వరగా అయిపోతాయి, చిన్నవాళ్ళు ఉన్నవాళ్ళు వచ్చే ఏడాదికి గుర్తు పెట్టుకోండి. మన వైపు ఎంపీసీ అంటే కంప్యూటర్స్ తప్ప ఇంకో దారి ఉందని ఎవరూ చెప్పరు.

జోసా_పిచ్చోడు
జూన్‌లో కౌన్సెలింగ్ మొదలవుతుంది కాబట్టి రెండు ముక్కలు ఇప్పుడే చెబుతా.

ఆప్షన్లు ఎన్నయినా పెట్టొచ్చు. మీ ర్యాంకుకి లిస్టులో పై నుంచి ఏది అందితే అదే ఇస్తుంది. కాబట్టి రాదని తెలిసినా బాంబే సీఎస్‌ఈ మొదటి లైన్లో పెట్టుకోనివ్వండి, దాని వల్ల కింద సీటేం పోదు. పోయినేడు కటాఫ్ చూసి ‘ఇది ఎలాగూ రాదు’ అని తీసేయడం, లేదా వచ్చేదాన్ని భయపడి పైకి తేవడం, ఈ రెండే కొంప ముంచుతాయి. ఇష్టం వరసలోనే పెట్టాలి. సీటిచ్చినా చేరనని ఖచ్చితంగా అనుకున్నది మాత్రం లిస్టులో ఉండకూడదు.

సీటొచ్చాక ఫ్రీజ్ అంటే ఇదే చాలు. ఫ్లోట్ అంటే లిస్టులో పైనున్నది ఎక్కడ వచ్చినా వెళ్తా. స్లైడ్ అంటే ఇదే కాలేజీలో మంచి బ్రాంచి వస్తే వెళ్తా. ఫ్లోట్‌లో పైది వస్తే పాతది పోతుంది, మళ్ళీ అడిగితే ఇవ్వరు. అందుకే లిస్టు అబ్బాయి చేతే పెట్టించండి. మావయ్యలు, నెట్ సెంటర్ వాళ్ళు పెట్టిన లిస్టులు నేను బోలెడు చూశా.

సివిల్_బాబాయ్
+1. నా లిస్టులో మా పెదనాన్న ఒక లైను ఇరికించారు. అదే వచ్చుంటే మైనింగ్ చదివేవాణ్ణి.

మైనింగ్_మహారాజు
ఎవర్రా అది.

సివిల్_బాబాయ్
సారీ అన్నా.

పెనుగొండ_పద్మ
మధ్యలో ఒక డౌటు. మాది ఓసీ. ఆర్థికంగా వెనకబడిన ఓసీలకిచ్చే ఈడబ్ల్యూఎస్ సర్టిఫికెట్ పోయినేడాది తీసింది పనికొస్తుందా?

జోసా_పిచ్చోడు
పనికిరాదండి. ఈడబ్ల్యూఎస్ అయినా, ఓబీసీ నాన్ క్రీమీలేయర్ అయినా ఈ ఏడాది ఏప్రిల్ 1 తర్వాత తీసింది కావాలి, అదీ కేంద్రం నమూనాలో. సచివాలయంలో దరఖాస్తు పెట్టేటప్పుడే ‘సెంట్రల్’ అని అడగండి. దీనివల్ల కేటగిరీ పోగొట్టుకున్నవాళ్ళని చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

పాలకొల్లు_నాన్న
మాకు ఈడబ్ల్యూఎస్ రాదేమోనండి. నాలుగెకరాల దాళ్వా చేను నా పేరునే ఉంది, ఇంకో రెండెకరాలు మా నాన్నగారి పేరున.

జోసా_పిచ్చోడు
వ్యవసాయ భూమి ఐదెకరాలు, ఆ పైన ఉంటే రాదు. కుటుంబం అంటే అబ్బాయి, అమ్మానాన్న, పద్దెనిమిది నిండని తోబుట్టువులు. తాత ఆ లెక్కలో లేరు. ఏడాది ఆదాయం 8 లక్షల లోపు ఉండాలి, ఇంటి స్థలం రూళ్ళూ ఉన్నాయి. తహసీల్దారు ఆఫీసులో పాస్‌బుక్ పట్టుకెళ్ళి అడగండి, ఆశ వదలొద్దు.

ఆక్వా_బాబు
రవి గారూ, చూశారా, ఆశ వదలొద్దన్నాడు. మీరే గెలిచారు.

రావులపాలెం_రవి
థాంక్యూ బాబు.

తణుకు_ఫిజిక్స్_మాస్టారు
ఫీజు గురించి ఎవరూ అనలేదు కాబట్టి ఒక మాట. ఐఐటీలో ట్యూషన్ ఫీజు ఏడాదికి 2 లక్షలు. కుటుంబ ఆదాయం 5 లక్షల లోపైతే మూడింట రెండొంతులు మినహాయింపు, లక్ష లోపైతే మొత్తం. ఎస్సీ, ఎస్టీ పిల్లలకి ట్యూషన్ ఫీజు లేదు. డబ్బుల భయంతో లిస్టు కురచ చేసుకునేవాళ్ళు ఇది చూసుకోవాలి.

పాలకొల్లు_నాన్న
రాత్రి మాట్లాడానండి. లెక్చర్ ఇవ్వలేదు అమ్మగారూ. సివిల్ బాబు వాళ్ళ నాన్నగారి ప్రశ్నే అడిగా, ఎక్కడ చేరడం ఇష్టం అని.

ఫోన్ తీసి నోట్స్ చూపించాడు. ఫలితం వచ్చిన రోజు రాత్రే రాసుకున్నాడు. పదహారు పేర్లు, పక్కన పోయినేడు క్లోజింగ్ ర్యాంకులు, తెలంగాణ కోడ్ సంగతి కూడా ఉంది అందులో. గూడెం ఎదురుగా ‘ఓఎస్, చూడాలి’ అని రాసుకున్నాడు, ఓఎస్ అంటే వేరే రాష్ట్రం కోటా అట. పైన నాలుగు ఐఐటీలు, కింద మాకు పేరు కూడా తెలియని ఒకటి రెండు ట్రిపుల్ ఐటీలు, చిట్టచివర కాకినాడ. అన్నీ చదివి, మరి ఎందుకురా అలా ఉన్నావు అంటే, "నాకు తెలుసు నాన్నా, మావయ్యకి ఎవరు చెబుతారు?" అన్నాడు.

బావమరిదికి పొద్దున్నే ఫోన్ చేశా. అలిగాడు. ఫ్లెక్సీవాడికి డబ్బులు ఇచ్చేశాడట. మావాడి పుట్టినరోజు ఆగస్టులో ఉంది, దానికి వాడుకోమన్నా.

అమలాపురం_అమ్మ
పదహారు పేర్లా! మీవాడికి మా అందరికన్నా ఎక్కువ తెలుసు.

జోసా_పిచ్చోడు
ఆ లిస్టు నాకు పంపమనండి. నేను మార్చను, చూస్తా అంతే. ‘చూడాలి’ అని రాసినవాటికి పాత రౌండ్లవారీ ర్యాంకులు జోసా సైట్లోనే ఉంటాయి, మొదటి రౌండుకీ ఆఖరి రౌండుకీ ఎంత జారిందో చూసుకుంటే ధైర్యం వస్తుంది. జోసా అయ్యాక మిగిలిన ఎన్ఐటీ సీట్లకి సీశాబ్ స్పెషల్ రౌండ్లు కూడా ఉంటాయి.

రావులపాలెం_రవి
పైన నాలుగు ఐఐటీలు ఉన్నాయి కదా. నేను చెప్పిందీ అదే. బాగా రాయమనండి.

కాకినాడ_కుర్రోడు
చిట్టచివర పెట్టినందుకు కొంచెం బాధేసింది కానీ వస్తే మాత్రం హాస్టల్లో మంచి గది ఎలా పట్టాలో నేను చెబుతా.

పెనుగొండ_పద్మ
సచివాలయానికి వెళ్ళొచ్చా. సెంట్రల్ నమూనా అంటే ఆ అమ్మాయి ముందు వేరేది తీసింది, మళ్ళీ మార్పించా. అందరూ కాగితం చేతికి రాగానే పైన ఏం రాసుందో చదువుకోండి.

ద్రాక్షారం_దుర్గ
ఇదంతా ఎంపీసీ వాళ్ళకేనా? మా అమ్మాయి బైపీసీ, రంగరాయ మెడికల్ కాలేజీలో సీటొస్తుందని వాళ్ళ నాన్న కాకినాడలో ఇప్పుడే అద్దె ఇళ్ళు చూస్తున్నారు.

తణుకు_ఫిజిక్స్_మాస్టారు
దుర్గమ్మా, విడిగా ఇంకో చర్చ మొదలుపెట్టు. అద్దె ఇంటికి అడ్వాన్సు మాత్రం ఇవ్వనివ్వకు.